ప్లాట్లు వేసినవాడు వోట్లడిగిన వేళ

పట్టణపు శివారున పది యెకరముల చేనును కొని, దానికి నాలా కన్వర్షను (వ్యవసాయేతర మార్పిడి) చేయించి, లేఅవుటు గీయించి, రోడ్లు పోయించి, కరెంటు స్తంభములు నాటించి, నాలుగైదేండ్లలో దానిని నూరిండ్ల కాలనీగా నిలిపిన మనుష్యుడు, దసరాకు అన్నదానము చేసి, వేసవిలో చలివేంద్రము పెట్టి, ఎవరింట పెండ్లియైనను చావైనను ముందుగా వచ్చి నిలిచి, ఒకనాడు కూడలిలోని ఫ్లెక్సీ మీద చేతులు జోడించి, మీ యింటి బిడ్డను, ఒక్క అవకాశ మిండని వోటడుగుట నేటి తెలుగునాట ఏ పట్టణమునకును వింత కాదు. ఆయనను రియల్టరని కొందరు, బిల్డరని కొందరు, మర్యాదకు డెవలపరని మరికొందరు పిలుతురు. ఇట్టివానిని బలపరచవచ్చునా, బలపరచినచో ఏ షరతుల మీద, అను ప్రశ్న కాలనీ సంక్షేమ సంఘపు ఆదివారపు సమావేశములలో గుసగుసగా నడచుటయే కాని, నిదానముగా చర్చింపబడిన సందర్భములు అరుదు. పత్రికల కథనములలో ఆయన భూబకాసురుడు. ప్రకటనల పుటలలో అభివృద్ధి ప్రదాత. నిజమునకు మన కాలనీలో తిరుగాడు మనిషి ఈ రెంటిలో ఏదియు కాడు గనుక, ఆయనను గూర్చి రెండు వైపుల వాదములను, చరిత్రను, చట్టమును ఒకచోట చేర్చి చూచుట అవసరము.

ఊరు కట్టినవాడే యూరి నేలవలెనను తలంపు మనకు క్రొత్త కాదు. పదునెనిమిదవ శతాబ్దపు చివరి దశాబ్దమున జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లిని విడిచి, కృష్ణాతీరమున అమరావతిని తన రాజధానిగా చేసికొన బూనినపుడు, వీధులు తీర్పించి, జనులను రప్పించి, అమరేశ్వరాలయమును పోషించి, ఒక క్రొత్త పట్టణమునే వెలయించెను. కట్టడములకు ఇటుకయు రాయియు కావలసివచ్చినపుడు పనివారు చేరువనున్న యొక దిబ్బను త్రవ్విరి. ఆ దిబ్బయే బౌద్ధ మహాస్తూపము. 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూచునప్పటికే దాని చెక్కడపు పలకలు చెదరిపోవ నారంభించినవి. దానధర్మములలో ఆ జమీందారునకు సాటి లేదని గుంటూరు సీమలో నేటికిని చెప్పుకొందురు. ఆ మాట అబద్ధము కాదు. స్తూపము పోయెనను మాటయు అబద్ధము కాదు. సొంత సొమ్మును ఉదారముగా పంచునట్టి చేయి ఉమ్మడి సొత్తు విషయమున అంత జాగ్రత్తగా ఉండునను నమ్మకమేదియు లేదని ఆ దిబ్బ మనకు చెప్పుచున్నది. అయితే అందులకై ఆయనను బకాసురునిగా చిత్రించుట అన్యాయము. ఆ కాలమున ఆ దిబ్బ విలువ నెరిగిన వారెవ్వరు?

హైదరాబాదు కథ వేరు. 1908 సెప్టెంబరున మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి, రోడ్లను వెడల్పు చేసి, ఇండ్లు కట్టించి, ఇప్పటి మాటలో చెప్పవలెనన్నచో నగరమునకు తొలి డెవలపరైనది. అప్పుడు ఆ పని రాజ్యమే చేసినది. 1930ల నాటికి బండరాళ్ల గుట్టలుగా నున్న బంజారా హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ తాను ఇల్లు కట్టుకొని, ఇతరులను రమ్మని ప్రోత్సహించి, ఒక నివాసప్రాంతమునకు నాంది పలికెను. తరువాతి కాలమున ఆయన మంత్రియై, 1960లో అవతరించిన గుజరాత్ రాష్ట్రమునకు తొలి గవర్నరుగా పోయెను. నగరమును పెంచినవాడు ప్రజాజీవితమున కెక్కుటకు ఇది గౌరవప్రదమైన ఉదాహరణమే. 1975లో పట్టణాభివృద్ధి చట్టము, దాని వెంట హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) వచ్చినవి. గృహనిర్మాణ సహకార సంఘములు విస్తరించినవి. 1990ల తరువాత సాఫ్ట్‌వేరు కొలువుల వెంట వెంచర్లు పుట్టగొడుగులవలె లేచినవి. నేలను ప్లాట్లు చేయు పని ఈ విధముగా రాజ్యము నుండి సంఘమునకు, సంఘము నుండి వ్యక్తికి దిగివచ్చినది. ఆ వ్యక్తి ఇప్పుడు తిరిగి రాజ్యము వైపు నడచుచున్నాడు.

ఆ నడక ఎక్కడికి చేరినదో కొన్ని పేర్లు చెప్పును. చలనచిత్ర నటులును, జయభేరి సంస్థ స్థాపకులునైన మాగంటి మురళీమోహన్ 2009లో రాజమండ్రి లోక్‌సభ స్థానమున పోటీచేసి యోడి, 2014లో అక్కడనే గెలిచిరి. విశాఖపట్నమున భవననిర్మాతయైన ఎం.వి.వి. సత్యనారాయణ 2019లో లోక్‌సభకు ఎన్నికై, 2024లో విశాఖ తూర్పు శాసనసభా స్థానమున ఓడిరి. ముంబయిలో లోధా సంస్థ స్థాపకులు మంగల్ ప్రభాత్ లోధా 1995 నుండి మలబార్ హిల్ శాసనసభ్యులుగా కొనసాగుచు, 2022లో మహారాష్ట్ర మంత్రివర్గమున చేరిరి. వోటరు వీరిని నిర్మాతలని తెలిసియే గెలిపించెను, తెలిసియే ఓడించెను. వృత్తి యొక్కటే జయాపజయములను తేల్చలేదని దీనినిబట్టి స్పష్టము. కాని పత్రికలలో కనబడు ఈ పెద్ద పేర్ల కన్న, పేరు ఊరు దాటని చిన్న డెవలపరు, వార్డునకో సర్పంచి పదవికో నిలుచునట్టివాడు, మన ప్రశ్నకు ముఖ్యుడు. ఏలయన నేల మీద అధికారము పదవి పెద్దదైనకొలది పెరుగునను ఊహ సరికాదు.

ఈ సంగతిని కొంచెము నిలిచి చూడవలెను. పార్లమెంటు సభ్యునకు ఒక సర్వే నంబరు విషయమున చేయదగినది దాదాపు శూన్యము. రాజ్యాంగమునకు 74వ సవరణ వలన చేరిన పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంఘములకు అప్పగింపదగిన అంశములు 18 ఉండగా, వానిలో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండవది భూవినియోగ, భవననిర్మాణ నియంత్రణము; అనగా మన డెవలపరు జీవనాధారమైన రెండు విషయములును ఆ పట్టిక శిరస్సుననే ఉన్నవి. ఆచరణలో ఆ అధికారములు చాలవరకు పట్టణాభివృద్ధి సంస్థల చేతను, పురపాలక శాఖ చేతను చిక్కియున్నవనుట నిజమే. తెలంగాణమున 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ అను ఆన్‌లైన్ భవన అనుమతుల విధానము వలన 75 గజముల లోపు ఇంటికి దరఖాస్తు నమోదే చాలునట్లును, 600 గజముల వరకు స్వీయ ధ్రువీకరణపై అనుమతి దొరకునట్లును ఏర్పాటైనది. కార్పొరేటరు సంతకము ఏ ఫైలు మీదను అక్కరలేదు. కాని టౌన్ ప్లానింగ్ సిబ్బంది ఒక గోడను కూల్చుటకు వచ్చినపుడు మ్రోగు ఫోను ఎవరిదో, మరొక గోడను చూచి చూడనట్లు పోవునపుడు మ్రోగని ఫోను ఎవరిదో, కాలనీలో చిన్నపిల్లల నడిగినను చెప్పుదురు. చట్టమున వ్రాయని ఈ అధికారమే చిన్న పదవికి గల పెద్ద ఆకర్షణము.

పురపాలక సభ కూడ కేవలము అలంకారము కాదనుటకు కామారెడ్డి సాక్ష్యము. అక్కడి మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పంటపొలములు పారిశ్రామిక మండలమున పడినవని రైతులు వీధులకెక్కిన పిమ్మట, 2023 జనవరిలో ఆ పురపాలక సభ సమావేశమై ముసాయిదా రద్దునకు తీర్మానము చేసినది. పటము మీద ఒక రంగు మారుటలో ఎంత సంపద పుట్టునో, ఎంత సంపద నశించునో ఆ రైతులకు ఏ ఆర్థికశాస్త్రజ్ఞుడును బోధింపనక్కరలేకపోయెను. వ్యవసాయ మండలము నివాస మండలమైన మరునాడు ఆ నేల అదియే, ఆ మట్టి అదియే. గజము వెల మాత్రము వేరు. ఆ రంగులను మార్చు సభలో, ఆ నేలను కొని యుంచుకొన్నవాడు కూర్చుండవచ్చునా యనుటయే అసలు ప్రశ్న.

కూర్చుండవచ్చును, కూర్చుండవలెను గూడ, అనువారి వాదము త్రోసివేయదగినది కాదు. మురుగుకాలువకు వాలు ఎటున్నదో, నలుబది అడుగుల రోడ్డునకు ముప్పది అడుగులు పోసి బిల్లు వ్రాసికొన్న గుత్తేదారెవడో, ట్రాన్స్‌ఫార్మరు మంజూరు ఏ బల్ల దగ్గర ఆగినదో, పుస్తకపు చదువు చదివిన న్యాయవాది కన్న, ప్రసంగపటువైన నాయకుని కన్న, ఆయనకే బాగుగ తెలియును. పది శాఖల గుమ్మములు త్రొక్కి అనుమతులు తెచ్చుకొన్నవాని ఓర్పు సామాన్యమైనది కాదు. తాను స్థానికుడు, తన పేరు చెడినచో తరువాతి వెంచరులో ప్లాట్లు అమ్ముడుపోవు, కావున పరువునకు వెరచును. పైగా స్వార్థము లేని వృత్తి ఏది? రైతు మద్దతు ధర మీద వోటు వేయును, వైద్యుడు ఆసుపత్రుల చట్టము మీద వోటు వేయును, కళాశాలల యజమాని ఫీజుల నిర్ణయము మీద మాటాడును. వీరందరిని చట్టసభలకు పంపిన మనము ఒక్క బిల్డరునకే గీత గీయుట పక్షపాతము కాదా యని వీరడుగుదురు.

ఈ ప్రశ్నకు సమాధానము కలదు, అది సున్నితమైనది. రైతు మద్దతు ధరకు వోటు వేసినపుడు లాభము లక్షలాది రైతులది. అందు అతని పాలు ఒక గింజ. ఆ స్వార్థము ఒక వర్గపు స్వార్థము, దానిని వాదించుటకే ప్రాతినిధ్యమున్నది. రింగు రోడ్డు ఏ సర్వే నంబరు గుండ పోవలెను, చెరువు పూర్తి నీటిమట్టపు గీత ఎక్కడ నిలువవలెను, ఏ వీధి వాణిజ్య వీధి కావలెను అను ప్రశ్నలలో లాభము ఒక్క పట్టాదారుది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు 30 మీటర్లు, చిన్న చెరువునకు 9 మీటర్లు బఫరు విడువవలెనని 2012 నాటి నిర్మాణ నియమములు చెప్పుచున్నవి. గీత కొన్ని గజములు జరిగినచో ఒక అపార్టుమెంటు బ్లాకు నిలుచును లేదా కూలును. హైదరాబాదు జలాశయములైన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టును పది కిలోమీటర్ల మేర 84 గ్రామములకు 1996లో విధించిన 111వ జీవో నిర్మాణ నిర్బంధములను 2022లో తొలగింతుమని ప్రభుత్వము ప్రకటించినపుడు, ఆ గ్రామములలో ఎవరి పేరిట ఎంత నేల కలదని జనులు వెంటనే అడిగిరి, అడుగుట సహజము. వర్గస్వార్థమును ప్రజాస్వామ్యము జీర్ణించుకొనగలదు. సర్వే నంబరు స్వార్థమును జీర్ణించుకొనుట కష్టము.

చట్టము దీనిని పట్టుకొనుటకు ఒక వల వేసినది, కాని ఆ వల కన్నులు విచిత్రముగా నున్నవి. ప్రజాప్రాతినిధ్య చట్టము 9ఏ విభాగము ప్రకారము, ప్రభుత్వమునకు సరుకులు సరఫరా చేయుటకు గాని, ప్రభుత్వ పనులు నిర్వహించుటకు గాని ఒప్పందము నడచుచున్నవాడు శాసనసభ్యుడగుటకు అనర్హుడు. పురపాలక చట్టములలోను కౌన్సిలుతో కాంట్రాక్టు గలవారి కిట్టి నిషేధమున్నది. కావున వార్డులో లక్ష రూపాయల కల్వర్టు కట్టుచున్న చిన్న గుత్తేదారు కౌన్సిలునకు నిలువజాలడు. అదే వార్డులో వందల కోట్ల భవనములకు ఆ ప్రభుత్వము నుండియే అనుమతి కోరుచున్నవాడు నిరభ్యంతరముగా నిలువవచ్చును. ఏలయన అనుమతి ఒప్పందము కాదు. ప్రభుత్వము నుండి డబ్బు పుచ్చుకొనువానిని శంకించి, డబ్బును సృష్టించు అనుమతిని పుచ్చుకొనువానిని విడుచుట, ఈ చట్టము వ్రాసిన కాలమున నేల కింత వెల లేకపోవుట వలన జరిగియుండవచ్చును. నేడు మాత్రము ఇది పెద్ద కన్నమే.

ఇతర దేశములును దీనికి తేలికైన మందు కనుగొనలేదు. అమెరికాలోని లాస్ ఏంజిలెస్ నగరమున ది గ్రోవ్ వంటి పేరుపొందిన విపణులను కట్టిన రిక్ కరూసో 2022లో మేయరు పదవికి పోటీచేసి, పది కోట్ల డాలర్లకు మించి, అందు అత్యధిక భాగము తన సొమ్మే, వ్యయపరచియు, కరెన్ బాస్ చేత ఓడిపోయెను. ఆయన నగరపు నీటి, విద్యుత్తు సంస్థ కమిషనులోను, పోలీసు కమిషనులోను పనిచేసినవాడు, దానశీలి. ఆ సేవ నెవ్వరు కాదనలేదు. గెలిచినచో ఆయన ఆస్తుల మాట యేమని ఆ నగరమున చర్చ నడచినది. వాటాలు, బాండ్లు ఐనచో వానిని ఒక ధర్మకర్తకు అప్పగింపవచ్చును, యజమానికి తెలియకుండ అతడు వానిని అమ్మి వేరొకటి కొనవచ్చును. కూడలిలో నిలిచిన భవనమును యజమాని కంటికి కనబడకుండ చేయు ధర్మకర్త ఎవడు? స్థిరాస్తి స్థిరముగా ఉండుటయే ఇక్కడి చిక్కు.

చట్టము చాలదని తేలినపుడు వోటరు అభ్యర్థి స్వభావమును ఆశ్రయించును. మంచివాడా, కాడా? ఇక్కడనే మన వోటరు తరచుగా పొరబడుచున్నాడని నా అభిప్రాయము, ఏలయన మంచితనమును అతడు దానముతో కొలుచుచున్నాడు. పది యెకరముల లేఅవుటును దృష్టాంతముగా తీసికొందము. పది యెకరములనగా 48,400 గజములు. అందు పదవ వంతు, 4,840 గజములు, సరిగా ఒక యెకరము, ఖాళీ స్థలముగా విడిచి, రోడ్లతో సహా స్థానిక సంస్థ పేర గిఫ్టు డీడు వ్రాసి యియ్యవలెనని నియమము. రోడ్లు, కాలువలు పూర్తియగువరకు ప్లాట్లలో 15 శాతము తనఖా పెట్టవలెను. బ్రోచరులో ఆ యెకరము పచ్చరంగున పార్కుగా వెలుగుచుండును. రెండు ఉయ్యాలలు, ఒక ఫౌంటెను. నాలుగేండ్లకు పోయి చూడుడు. ఒక మూల నీళ్ల ట్యాంకు, ఒక మూల గుడి, గుడి ప్రక్కన దాత పేరు బంగారువన్నె అక్షరములతో చెక్కిన పాలరాయి ఫలకముతో కమ్యూనిటీ హాలు. మిగిలిన దానిలో సగము ప్రహరీ లేక పొరుగు చేనిలో కలిసి, తక్కిన సగము బై నంబరుతో (ఉపవిభజన సంఖ్యతో) ప్లాట్లై అమ్ముడుపోయి యుండును. గజము 20,000 రూపాయల వెలకు లెక్కించినను ఆ యెకరము 9 కోట్ల 68 లక్షలు. గుడికిని హాలుకును అయిన వ్యయము అందు ఎన్నవ వంతో ఎవరి లెక్క వారు వేసికొనవచ్చును. జనులు మాత్రము హాలులో పెండ్లి చేసికొని, ఫలకమునకు దండ వేసి, ఆయన లేకున్న మాకీ సౌకర్యమెక్కడిది యందురు. తమ సొంత నేల మీద, తమకు రావలసిన దానిలో ఒక ముక్కను, తమకే కానుకగా పుచ్చుకొని వారు కృతజ్ఞులగుచున్నారు!

బాకీ తీర్చుట వేరు, దానము చేయుట వేరు. బాకీ ఎగవేసి దానము చేసినవానిని సమాజసేవకుడనుట లెక్క తెలియని మాట. లేఅవుటులో చట్టము కోరిన పార్కును పార్కుగా, పూర్తిగా, ప్రహరీతో సహా అప్పగించి, ఒక్క అన్నదానమైనను చేయని డెవలపరు, పది గుళ్లు కట్టిన డెవలపరు కన్న నా దృష్టిలో సమాజహితుడు. ఆయనకు ఫ్లెక్సీ ఎవ్వరును కట్టకపోవుట వేరు సంగతి. దానము నిజమైనంత మాత్రమున లెక్కలు నిజము కావలెనని లేదనుటకు మన కాలపు దృష్టాంతమొకటి కలదు. బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల పల్లెలలో చేసిన పనియు, 2005లో ఆరంభమైన 108 అంబులెన్సుల సేవయు నిజమైనవి. ఆ వాహనములు వేల ప్రాణములను కాపాడినవి. వాని వెనుకనున్న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, కుటుంబపు భూముల, నిర్మాణముల సంస్థలైన మేటాస్ కంపెనీలను సత్యం చేత కొనిపింప 2008 డిసెంబరున యత్నించి, వాటాదారుల ఆగ్రహము వలన విరమించి, 2009 జనవరి 7న కంపెనీ లెక్కలు కల్పితములని స్వయముగా లేఖ వ్రాసిరి. 2015లో విచారణ న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించినది. అప్పీలు మీద శిక్ష నిలిపివేయబడినది. ఆయన ఏ పదవికిని పోటీ చేయలేదు. ఒకవేళ 2008లో చేసియున్నచో తెలుగునాట ఏ నియోజకవర్గమైనను ఆయనను కాదనియుండునా యని ఆలోచించుకొనవలెను.

దీనికి భిన్నమైన చేష్ట ఒకటి మరల కామారెడ్డిలోనే కనబడును. మాస్టర్ ప్లాన్ ఉద్యమమున రైతుల పక్షమున నిలిచి, 2023 డిసెంబరు ఫలితములలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావును, కాబోవు ముఖ్యమంత్రి రేవంతరెడ్డిని ఒక్క స్థానముననే ఓడించిన కాటిపల్లి వెంకటరమణారెడ్డి, 2024 జనవరిలో రోడ్డు విస్తరణకు అడ్డుగానున్న తన యింటిని తానే ముందుగా కూల్పించిరి. ఆయన పూర్వము నిజామాబాదు జిల్లా పరిషత్ అధ్యక్షులు, వ్యాపారస్థులు. రోడ్డు విస్తరణ యనగానే గీత తమ యింటిని తప్పించి ఎదుటివారి యింటి మీదుగ పోవునట్లు పలుకుబడిని వాడుకొనుటయే లోకరీతిగా నుండగా, గీతను తన గుమ్మము నుండియే మొదలుపెట్టుమనుట చిన్న విషయము కాదు. ఆయన రాజకీయములతో ఏకీభవించుట, ఏకీభవింపకపోవుట చదువరి యిష్టము. అన్నదానమునకు ఖర్చగునది డబ్బు. ఇందు ఖర్చైనది నేల. నేల వ్యాపారము చేయువానిని కొలుచునపుడు రెండవ కొలతయే నమ్మదగినదని మాత్రము నేననుచున్నాను.

కొలుచుటకు పరికరములు ఇప్పుడు లేకపోలేదు, వాడువారే తక్కువ. సుప్రీంకోర్టు 2002లోను, మరల 2003లోను ఇచ్చిన తీర్పుల వలన అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, కేసులు, భార్య లేక భర్త, ఆధారపడినవారి ఆస్తులతో సహా, ఫారం 26 ప్రమాణపత్రమున ప్రకటింపక తప్పదు. అయితే కంపెనీ పేరిట, భాగస్వామ్య సంస్థ పేరిట ఉన్న నేల ఆ పత్రములో సర్వే నంబర్లుగా కాక, వాటాల విలువగానే కనబడును. పట్టాదారులతో చేసికొన్న డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లు బహుశః కనబడనే కనబడవు. ఆ వెలితిని 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము (రెరా) కొంత పూరించును. అయిదువందల చదరపు మీటర్లు మించిన ప్రాజెక్టును నమోదు చేయునపుడు, గత అయిదేండ్లలో తాను చేపట్టిన పనులు, వానిలోని జాప్యములు, నడచుచున్న వ్యాజ్యములు నిర్మాత వెల్లడింపవలెను. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతము ప్రత్యేక ఖాతాలో ఉంచవలెను. ఉమ్మడి స్థలములను నివాసుల సంఘమునకు వ్రాసి యియ్యవలెను. ఇక సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున పార్కు సర్వే నంబరునకు ఒక ఈసీ, అనగా ఆ నేల మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టిక, తీసినచో, ఆ గిఫ్టు డీడు నిజముగా రిజిస్టరైనదా, ఐన పిదప అదే నేల మరల ఎవరికైనను అమ్ముడుపోయినదా యని ఆ కాగితమే చెప్పును. ఇరువది సభలలో వినిన ఉపన్యాసముల కన్న ఆ ఒక్క కాగితము ఎక్కువ చెప్పును.

ఇంతవరకు అభ్యర్థిని శంకించితిమి; బలపరచువారి సంగతి గూడ చూడకున్న సమీక్ష ఒంటికంటిది యగును. ఆయనకు తొలుత జేజేలు పలుకువారెవరు? చాలవరకు ఆయన వద్ద ప్లాట్లు కొన్నవారే. పంచాయతీ తీర్మానము తప్ప సాంకేతిక అనుమతి లేని గ్రామపంచాయతీ లేఅవుటులో రెండువందల గజములు కొని, ఇల్లు కట్టుటకు అనుమతి రాక, బ్యాంకు ఋణము దొరకక చిక్కుకొన్న మధ్యతరగతి మనిషికి, ప్లాటు అమ్మినవాడే శాసనసభ్యుడైనచో క్రమబద్ధీకరణ జరుగునను ఆశ సహజము. ఉమ్మడి రాష్ట్రమున 2007లోను, తెలంగాణమున 2015లోను, 2020లోను లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకము (ఎల్ఆర్ఎస్) ప్రకటింపబడినది. ఈ చివరిదానికి వచ్చిన దరఖాస్తులే 25 లక్షలకు మించినవి. అనగా అక్రమ లేఅవుటు ఒక నేరస్థుల ముఠా రహస్యము కాదు, అది ఒక మహాసముదాయపు నివాసము. అమ్మినవాడు లాభముతో వెడలిపోయిన పిదప జరుమానా కట్టువాడు కొన్నవాడు. ఆ కొన్నవాడే మరల అమ్మినవాని జెండా మోయుచున్నాడు. ఇందు హాస్యాస్పదమేదియు లేదు. మునిగినవాడు తనను ముంచిన పడవనే పట్టుకొనును, దగ్గరనున్నది అదియే గనుక. కాని అట్టి మద్దతును సమాజహితమునకు ఇచ్చిన మద్దతని పిలువరాదు. అది ప్లాటునకు ఇచ్చిన మద్దతు.

ఇక గ్రామములలో ఏకగ్రీవపు పేరిట జరుగు బేరముల సంగతి రెండు మాటలలో చాలును. గుడికి ఇన్ని లక్షలు, బడికి ఇన్ని లక్షలు అని వేలము పాడి సర్పంచి పదవిని కట్టబెట్టుట చట్టవిరుద్ధమని ఎన్నికల సంఘములు మాటిమాటికి హెచ్చరించుచునే యున్నవి. నగరశివారు గ్రామములలో ఆ పాట పాడగల స్తోమత ఎవరికుండునో చెప్పనక్కరలేదు. పెద్ద రాష్ట్రములలో శాసనసభ అభ్యర్థి వ్యయపరిమితి 2022 నుండి 40 లక్షల రూపాయలు. నగరశివార్లలో అది రెండువందల గజముల ప్లాటు వెల.

మరి బలపరచవచ్చునా? నా తీర్పు అవుననియే, కాని ఆ అవునునకు వెల కలదు. తన వెంచర్లలో బాకీలు తీర్చినవాడై, ప్రమాణపత్రము కోరని సర్వే నంబర్లను సైతము, సంస్థల పేరనున్నవి, బంధువుల పేరనున్నవి, అగ్రిమెంటులో నున్నవి, కాలనీ సంఘము ముందు వ్రాసియిచ్చి, గెలిచినచో ఆ నంబర్లను తాకు ఏ చర్చలోను కూర్చుండనని, టౌన్ ప్లానింగు వ్యవహారములు చూచు ఏ సంఘములోను స్థానము కోరనని మాట యిచ్చువాడు ఎవడైన నున్నచో, ఆయన అనుభవమును మన పట్టణములు కోల్పోవుట అవివేకము. అట్టివాడు చెరువు కాలువను గూర్చి సభలో లేచి మాటాడినపుడు, ఇంజనీరు సైతము తడబడక తప్పదు. ఈ షరతులు వినగానే నన్ను నమ్మరా యని నొచ్చుకొనువాడు, ఏ కొనుగోలుదారుని నైనను లింకు డాక్యుమెంట్లు చూపకుండ అడ్వాన్సు తెమ్మనియుండునా? తన వ్యాపారమున తాను ప్రతిదినము పాటించు పద్ధతినే వోటరు తన పట్ల పాటించుటలో అవమానమేమున్నది?

కాలనీ సంఘములు ఒక జాగ్రత్త పడవలెను. సంక్షేమ సంఘము సంఘముగా ఒకనికి మద్దతు తీర్మానము చేసినచో, రేపు ఆయన పార్కు విషయమునే ప్రశ్నింపవలసివచ్చినపుడు నాలుక మడతపడును. సభ్యులు వ్యక్తులుగా ప్రచారము చేసికొనుట వేరు, సంఘపు ముద్ర వేయుట వేరు. సంఘము చేయదగినది ప్రశ్నలడిగి, సమాధానములను నోటీసు బోర్డు మీద అంటించుట. అందులకు కాలము చాలదను సాకు గూడ లేదు. శాసనసభ ఎన్నికలో నోటిఫికేషను వెలువడిన ఏడవ దినముతో నామినేషన్లు ముగియును, మరునాడు పరిశీలన, దాని పిమ్మట రెండవ దినమున ఉపసంహరణ. ఈలోపల ప్రమాణపత్రములు ఎన్నికల సంఘపు వెబ్‌సైటులో ఎవరికైనను చూడ వీలగును. ఉపసంహరణ నుండి పోలింగు వరకు చట్టము ప్రకారము పదునాలుగు దినములకు తక్కువ ఉండరాదు. పార్కు సర్వే నంబరు తెలిసియున్నచో, ఈసీ తీయించుటకు అందులో ఒకటి రెండు దినములు చాలును.